నా యువరాణిని వియ్యపురాలు పెంచాలట!

మా మనవరాలు సెలవుల్లో రోజంతా కంప్యూటర్‌లో రాజ్యమేలుతోంది. అదేదో పాతకాలపు రాజుల ఆట. పాలించేవాళ్లకు యుద్ధం, మాటనేర్పు, ఖజానా నడపడం వంటి విద్యలు ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోవాలి. ఇవాళ తొంగిచూస్తే ఒక రాణికి నా పేరుంది. బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, లోలోపల పొంగిపోయాను.

పక్క రాజ్యపు రాణికి మా వియ్యపురాలి పేరు! జమ్మలమడుగులో ఉంటుంది, ఈ పిల్లకు తల్లివైపు అవ్వ. యుద్ధంలో నాకు ఇరవై మార్కులు, మాటనేర్పులో మూడు. ఆమెకు మాటనేర్పులో పద్దెనిమిది.

“నాకు మూడేందే?”

“నువ్వు నోరు తెరిస్తే పక్క రాజులు కోట తలుపులు మూసుకుంటాండారు జేజీ! నువ్వెట్లాగూ మారవు. ఆటలో నీ కూతురు యువరాణిని అవ్వ కొలువులో పెంచితే దానికన్నా మాటలొస్తాయి.”

“నా బిడ్డను ఆమె పెంచేదేంది? పంపను పో.”

పిల్ల మౌస్ వదిలి నా వైపు తిరిగింది. “నన్ను కూడా అందుకేనా అవ్వ దగ్గరికి పంపిచ్చకుండా ఉండేది?”

ఎండలు ఎక్కువని, బస్సుల్లో రద్దీ అని ఈ వేసవంతా ప్రయాణం వాయిదా వేయిస్తున్నది నేనే. ఫోన్ తీసి వియ్యపురాలికి రేపు పిల్లను పంపిస్తానని చెప్పాను.

“ఒక్కదాన్నే ఏంటికి వదినా? మీరూ రాండి, శానా రోజులాయె మిమ్మల్ని చూసి” అందామె.

చూశారా, ఎంత తీయగా మాట్లాడుతుందో! పోవాలా, మానాలా? మీరే చెప్పండి.