ఖాసింబీ చేతిలో లేచిన టెంకాయ

నిన్న పొద్దున పెట్రోల్ బంకులో ఉండగా మస్తాన్ ఫోన్ చేశాడు.

"అన్నా, అక్క పోయింది."

నేను "సరే" అన్నానట. నాకు గుర్తులేదు, తర్వాత వాడే చెప్పాడు. ట్యాంకు నిండాక కూడా బండి తీయకుండా నిలబడితే వెనకవాళ్ళు హారన్ కొట్టారు. అది మాత్రం గుర్తుంది.

మా ఖాసింబీ ఇక లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. అనంతపురంలో డిగ్రీలో నా క్లాస్‌మేట్. వాళ్ళది బెళుగుప్ప పక్క పల్లె. బెంగళూరులో ఒక ల్యాబ్‌లో మెదడు మీద రీసెర్చ్ చేసేది. మస్తాన్ ఆమె తమ్ముడు, ఊర్లో చీనీ తోట, అంటే బత్తాయి తోట, చూసుకుంటాడు. నేను జువాలజీ చదివి డ్రిప్ పైపులు అమ్ముకుంటున్నా.

సెలవుల్లో ఊరికొస్తే జనం ఆమెను తలనొప్పికి మాత్రలు అడిగేవాళ్ళు.

"నేను మాత్రలిచ్చే డాక్టర్ను కాదవ్వా. ఎలకల్ని చూసే డాక్టర్ను" అందొకసారి.

"మా ఇంట్లో శానా ఉండాయి, వచ్చి చూడు మే" అంది అవ్వ.

ఒక సబ్జెక్టు మీద కుదురుగా ఉన్న మనిషి కాదు. మొదట నిద్ర అంది. కొన్నాళ్ళకు వాసన. తొలి వాన వాసన రాగానే మనవాళ్ళంతా పని వదిలి వీధిలోకి ఎందుకొస్తారని అడిగేది. ఆ తర్వాత భయం. ఆ తర్వాత, మనకు తెలియకుండా మన చేతులు చేసే పనులు.

"ఏం మే, ఒక బోరు పూర్తిగా దించకుండానే ఇంకో పాయింటు చూస్తావు?" అని ఏడిపించేవాణ్ణి.

"మెదడు ఒకటే కదప్పా. తలుపులు మారుస్తాండా గానీ, ఇల్లు మార్చలేదు" అనేది.

ఆ చేతుల రీసెర్చ్ రోజుల్లోనే టెంకాయ సంగతి జరిగింది.

ఆ ఎండాకాలం మస్తాన్ బోరు ఎండిపోయింది. చీనీ చెట్లు ఆకులు రాలుస్తున్నాయి. కొత్త పాయింటు చూడడానికి ఒక పెద్దాయనను పిలిచాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని ఆయన తోటంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట టెంకాయ నిలువుగా లేస్తుందని నమ్మకం. మా దగ్గర ఇది చూడకుండా బోరు వేసేవాళ్ళు తక్కువ.

ఒక మూల టెంకాయ లేచింది. మస్తాన్ అక్కడ రాయి పెట్టాడు.

"కండ్లకు టవల్ కట్టుకుని ఇంగోసారి నడుస్తావా పెద్దాయనా?" అని అడిగింది ఖాసింబీ. పాపం, ఆయన కోపం తెచ్చుకోకుండా సరేనన్నాడు. ఈసారి టెంకాయ ఇంకెక్కడో లేచింది.

అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. సైన్సు మనిషి కదా, ఆపలేదు. "టెంకాయ లేయడం కాదురా, మన చేయే మనకు తెలీకుండా లేపుతాది. చూడు" అని తనే పట్టుకుని రాయి దగ్గరికి నడిచింది.

రాయి దగ్గర టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

ఆమె మొహం చూడాలి! "నేను కదిలించలేదప్పా! చూసినావా, ఎట్ల మోసం చేస్తాదో చేయి!" అని నా వైపు తిరిగి నవ్వింది.

మస్తాన్ చూసింది వేరు. "అక్క చేతిలోనే లేచిండాది! నమ్మనోళ్ళ చేతిలో లేచిందంటే ఇంగ తిరుగులేదు" అన్నాడు. ఆమె ఎంత మొత్తుకున్నా వినలేదు. వారం తిరక్కుండా ఆ రాయి దగ్గరే బోరు వేయించాడు.

తెల్లటి దుమ్ము లేచింది. ఎంత లోతు దించినా దుమ్మే.

నీళ్ళు పడక సగం తోట ఎండిపోయింది.

తర్వాత ఆమె మళ్ళీ సబ్జెక్టు మార్చింది. బోనులో ఎలుక మీట నొక్కితే గింజ పడుతుంది. ప్రతిసారీ గింజ దొరికిన ఎలుక, గింజలు ఆగిపోతే త్వరగానే మానేస్తుందట. ఒకసారి పడి ఒకసారి పడని ఎలుక మాత్రం చాలాసేపు నొక్కుతూనే ఉంటుందట.

"దానికి మస్తాన్ అని పేరు పెట్టినావా?" అన్నాను.

నవ్వలేదు. "ఆ టెంకాయ నా చేతిలో లేచిందప్పా" అంది.

ఆ దిగులు ఆమెను వదల్లేదు. ప్రతి ఎండాకాలం మస్తాన్ "ఇంగొక్కసారి బోరేస్తా అక్కా" అనడం, ఆమె ఫోన్లోనే తిట్టి ఆపడం మామూలైంది.

పోయిన నెల మస్తాన్, నేను ఆమెను చూడ్డానికి బెంగళూరు ఆసుపత్రికి పోయాం. క్యాన్సర్ ముదిరిపోయింది. మందు మళ్ళీ మొదలుపెట్టొచ్చు గానీ పని చేస్తుందని చెప్పలేనన్నాడు డాక్టర్. వద్దనుకుంటే ఇంటికి తీసుకుపోవచ్చన్నాడు.

ఖాసింబీ తమ్ముడి వైపు చూసింది.

"ఇంకొక్కసారి చూద్దాం సార్" అంది.

మస్తాన్ టవల్‌తో మొహం కప్పుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

"నవ్వురా, నవ్వు" అంది. "ఎలకను అడక్కుండానే ఇన్నేండ్లు పేపర్లు రాసినా."

"ఇప్పుడడిగితే ఏం చెప్తాది?" అన్నాను.

"గింజ కోసం కాదంటాది. నొక్కకుండా కూచుంటే ఇంగ అంతే కదప్పా, అందుకంటాది."

మందు పని చేయలేదు.

నిన్న సాయంత్రం ఊర్లోనే మట్టి చేశాం. వాళ్ళ ఆచారం ప్రకారం ఒక్కొక్కరు మూడు పిడికిళ్ళ మట్టి వేయాలి. మస్తాన్ మూడూ వేశాడు. వెనక్కి వచ్చినవాడు మళ్ళీ పోయి వంగాడు.

"మూడే నాయనా, చాలు" అని వాళ్ళ మామ చేయి పట్టుకున్నాడు.

"ఇంగొక్కసారి మామా" అన్నాడు.

మామ చేయి వదిలాడు.

పోయిరా ఖాసీ. నిద్ర గురించి నీకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. ఇంక హాయిగా నిద్రపో. నువ్వు పడుకున్న నేల చల్లగా ఉండాలి.