తెర చాటు కుర్చీ

కోతల మామ సెలూన్‌లో రెండు కుర్చీలు. ఒకటి ముందు, వీధిన పోయేవాళ్లందరికీ కనబడేలా. రెండోది వెనక, తెర చాటున. జుట్టుకు రంగేయించుకునేవాళ్లు, విగ్గు సరిచేయించుకునేవాళ్లు అందులో కూర్చుంటారు. మామ గీసిన గడ్డం ఎంత నున్నగా ఉంటుందంటే, ఒకాయన చెంప మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. అనుమానముంటే ఈగనే అడగవచ్చు, ఇప్పటికీ కుంటుతోంది. ఇలాంటివి రోజుకు వంద వదులుతాడు కాబట్టే ఆ పేరు. కానీ తెర వెనక జరిగింది మాత్రం కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పడు.

ఒకరోజు మామ బావమరిది ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అతను ఏసీ మెకానిక్. ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్ గుమ్మానికి మనుషుల్ని గుర్తుపట్టే కెమెరా పెట్టారు. ఎవడో దొంగ పోలికలు ఇతనిలో కనబడ్డాయట, అడుగు పెడితే చాలు, కుయ్యిమంటోంది.

"ఏసీ బాగుచేయడానికి వెళ్తే సెక్యూరిటీ వాడు జేబులు తడిమాడు బావా. నా ఫోటో పక్క షాపులకీ పంపారంట. ఇక నన్ను పనికి పిలిచేదెవరు?"

"ఓస్, ఇంతేనా? కూర్చో. నేను కత్తి పట్టానంటే కన్నతల్లి కూడా నువ్వెవరు బాబూ అనాలి."

మీసం తీసేశాడు. పాపిడి అటుది ఇటు మార్చాడు. కనుబొమలు కూడా కాస్త పలచన చేశాడు. అప్పుడే క్యారేజీ తెచ్చిన మామ భార్య గుమ్మంలోంచే, "మీసం ఏదిరా తమ్ముడూ?" అంది. షాపుకెళ్తే కెమెరా ఆవిడంత సేపు కూడా ఆలోచించకుండా కుయ్యిమంది.

దాంతో మామ తానే వెళ్లి, ఫోటో తీసేయమని సూపర్‌మార్కెట్ ఓనర్‌ని అడిగాడు.

"మెషీన్‌కి నీలా కోతలు కోయడం రాదయ్యా," అన్నాడు ఓనర్. "అయినా తప్పు చేయనివాడికి ముఖం చూపించడానికి భయమెందుకు?"

మామ రోడ్డు దాటి సెలూన్‌కి తిరిగొచ్చేశాడు.

ఆదివారం ఓనర్ ఎప్పటిలాగే వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. ముందు బెంచీ మీద నలుగురు పేపర్లు తిరగేస్తున్నారు. బావమరిది గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"తెర వెయ్యవయ్యా," అన్నాడు ఓనర్ మెల్లగా.

"ఎందుకండీ? మీరేం తప్పు చేయలేదుగా," అన్నాడు మామ, అంతకన్నా మెల్లగా.

ఓనర్ చెయ్యి దానంతటదే విగ్గు మీదకు పోయింది. "అందరూ చూస్తారు."

"చూస్తే చూశారు. ఇంటికెళ్లి అన్నం తినేలోపు మర్చిపోతారు. మీ కెమెరా అలా కాదే, మావాడి ముఖం పట్టుకెళ్లి వీధంతా పంచింది."

"నువ్వెవరికీ చెప్పవు కదా?"

"చచ్చినా చెప్పను. నాకూ మీ కెమెరాకీ తేడా అదే."

నిజానికి ఇంతసేపూ మామ చెయ్యి తెర తాడు మీదే ఉంది. ఓనర్ గమనించలేదు, పాపం. జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఆ ఏసీ అబ్బాయి ఫోటో తీసేయండి. పక్క షాపులకీ చెప్పండి. ఇప్పుడే."

మామ తెర లాగాడు.

బావమరిది రోడ్డు దాటి సూపర్‌మార్కెట్‌లోకి నడిచాడు. గుమ్మం కిక్కురుమనలేదు.

బెంచీ మీది పెద్దాయనకు విసుగొచ్చింది. "వెనక ఇంతసేపు ఏం చేస్తున్నావోయ్?"

"మహారాజుగారి కిరీటానికి మెరుగు పెడుతున్నాను బాబాయ్."

"నీ కోతలకు అంతే లేదు," అని ఆయన పేజీ తిప్పాడు.