సగపాలు మా మేనత్తది

మా మేనత్త పోయిందని వనపర్తి ఆసుపత్రి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు, నేను గద్వాలలో మా పన్ను లెక్కలు చూసే సారు ముందు కూర్చుని ఉన్నాను. ఆమెను నా వ్యాపారంలో భాగస్వామిగా రాసిన పత్రం నా చేతిలో ఉంది. ఆమె దాని మీద సంతకం పెట్టి పదకొండు రోజులైంది. పదిహేనేళ్ల కిందట పెట్టించాల్సిన సంతకం అది.

మా చీరల వ్యాపారానికి పెట్టుబడి నాది, పనితనం ఆమెది. అంచుకు ఏ రంగు, కొంగుకు ఏ బుటా, అంతా ఆమె చెప్పేది. లాభనష్టాలు చెరిసగమని మొదట్లోనే నోటిమాటగా అనుకున్నాం. పట్టు నూలును ఆమె ఇంట్లో చూసి ఒప్పుకునేది కాదు. వాకిట్లోకి తెచ్చి ఎండకు పట్టేది. "నీడల అన్ని రంగులూ మంచిగనే ఉంటయి" అనేది. అంచూ చీరా కలిసేచోట అతుకు గట్టిగా ఉందో లేదో గోటితో రుద్ది చూడందే మడత పెట్టనిచ్చేది కాదు.

పంపకంలో ఆమెకు నేను ఏనాడూ తక్కువ చేయలేదు. తప్పు కాగితం మీద చేశాను. రూపాయి పెట్టని మనిషిని సగం భాగస్వామిగా చూపాలంటే పత్రం రాయించాలి, సంస్థకూ ఆమెకూ వేర్వేరుగా రిటర్నులు వేయాలి అని సారు చెప్పాడు. "ఎందుకు సార్ గంత పరేషాన్?" అన్నాను. వ్యాపారం నా ఒక్కడిదిగా చూపి, ఆమె సగాన్ని కూలి ఖర్చులో రాయించాను. ఏటా అంతే. ఆమెకు చెప్పలేదు.

ఒకసారి సొంతంగా మగ్గాల షెడ్డు వేసుకుందామని ఆమె బ్యాంకు అప్పు అడిగింది. బ్యాంకువాళ్లు కాగితాలు తెమ్మంటే సారు దగ్గరికి పోయింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. అటునుంచి నేరుగా దుకాణానికి వచ్చింది. కూర్చోలేదు.

"అల్లుడా, నేను నీ తాన కూలిదాన్నా?"

"పన్ను కోసం గట్ల రాసినం అత్తా. నీ పైసలు నీకు వస్తనే ఉన్నయి గద."

"పైసల మాట కాదురా. సగం నాదని బ్యాంకుల చెప్పొచ్చిన. నేను అబద్దమాడినట్టయింది."

వచ్చే ఏడు మారుస్తానన్నాను. ఆ ముక్క చాలా ఏళ్లు అన్నాను. షెడ్డు లేవలేదు. అలా నిలదీసిన మర్నాడు పొద్దున మాత్రం ఆమె ఎప్పటిలాగే పనికి వచ్చింది. ఆ రావడమే నన్ను ఇప్పటికీ నిలవనీయదు.

ఆమె జబ్బుతో మంచాన పడ్డాక గానీ నేను పత్రం రాయించలేదు. ఆమె వేలు పెట్టి ప్రతి వరుసా చదివింది.

"నష్టమొస్తే గూడ సగం నాదేనా?"

"అవునత్తా."

"గట్లనే ఉండాలె. లాభంలనే ఉంటే అది పాలెట్లయితది?"

సంతకం పెట్టింది. "మాఫ్ చెయ్ అత్తా" అన్నాను. పెన్ను నా జేబులో పెట్టింది. మాఫ్ చేసిందో లేదో నాకు తెలియదు.

ఆ రోజు ఆమె కూతురి ఫోన్ పెట్టేశాక సారు మెల్లగా చెప్పాడు: ఉన్నదే ఇద్దరు భాగస్వాములు, ఒకరు పోతే సంస్థ అక్కడితో ముగిసినట్టే. ఆ పదకొండు రోజులకే రిటర్ను వేయాలి. ఆమె పేరున్న మొదటి రిటర్నూ అదే, చివరిదీ అదే.

పత్రంతో పాటే ఆమె కోసం దరఖాస్తు పెట్టిన పాన్ కార్డు నిన్న పోస్టులో వచ్చింది. తీసుకుపోయి ఆమె కూతురికి ఇచ్చాను. ఆసుపత్రి మంచం మీదే తీసిన ఫొటో. ఏదో అనబోతున్నట్టు నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆ పిల్ల కార్డును కొంగుతో తుడిచి, ఎక్కడ పెట్టాలో తోచక, గడపలో చేత్తో పట్టుకునే నిలబడింది.