ఐసు పెట్టిన పీపా

నేపర్‌విల్ స్టేషన్‌కి దగ్గర్లో నేను వెళ్లే పబ్బులో బోరింగు పంపు లాంటిది ఒకటుంది. నల్లటి చెక్క పిడి, ఇత్తడి మెడ. ఓనరమ్మ ఆ పిడిని ఒళ్లు వంచి లాగితే కింద గదిలో పీపాలో ఉన్న ఏల్ అనే బీరు పైకొస్తుంది. దానికి గ్యాసు కొట్టరు, ఐసులో పెట్టరు. పీపాలోకి వెళ్లాక కూడా మెల్లగా పులుస్తూనే ఉంటుంది. పీపా తెరిచాక కొద్ది రోజుల్లో తాగెయ్యాలి. లేకపోతే పొద్దున దించిన కల్లు సాయంత్రానికి మారిపోయినట్టు మారిపోతుంది.

నేను మొదటిసారి అక్కడికి వెళ్లింది బీరు కోసం కాదు, చలికి తట్టుకోలేక. షికాగోలో హాస్పిటల్ ల్యాబ్ డ్యూటీ ముగించుకుని రైలు దిగేసరికి మంచు ఎంత పడిందంటే, నా కారు అనుకుని పక్కవాళ్ల కారుని అరగంట తవ్వాను. తవ్వాక చూస్తే తాళం పట్టలేదు. ఎదురుగా దీపాలున్న తలుపు కనిపిస్తే తోసుకుని లోపలికి వెళ్లాను.

ఓనరమ్మ నా ముందు గ్లాసు పెట్టింది. అరవై దాటిన మనిషి, చేతులు మా ఊళ్లో మగ్గం నేసేవాళ్ల చేతుల్లా ఉంటాయి. చల్లగా లేదేమని అడిగాను.

"చల్లగా ఉంటే నాలుకకి ఏమీ తెలీదు. మెల్లగా తాగు," అంది.

మెల్లగా తాగాలంటే మధ్యలో ఏదో ఒకటి మాట్లాడాలి కదా. కారు తవ్విన సంగతి చెప్పాను. చెప్పడం ముగిసేసరికి కారు కాస్తా స్కూలు బస్సయింది, అందులో పిల్లలు కూడా ఉన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు గ్లాసులు కింద పెట్టి విన్నారు. ఒక్కరూ ఫోన్ తీయలేదు.

అప్పటి నుంచి గురువారం సాయంత్రాలు నావి. ఇంట్లో నా కథలకి గిరాకీ లేదు. పిల్లలు "అమ్మా, సోర్స్ ఏంటి?" అంటూ గూగుల్ చేస్తారు. మా ఆయనైతే సరదాకి కూడా అబద్ధమాడరు. రెస్టారెంట్‌లో భోజనం ఎలా ఉందని అడిగితే నిజం చెప్పే మనిషి ఈ దేశం మొత్తం మీద ఆయనొక్కరే. ఆయన బీరు ముట్టరు. గురువారాలు నన్ను తీసుకెళ్లడానికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, నా కథ ముగిసేదాకా పైకప్పు చూస్తూ ఉంటారు.

ఈ ఆగస్టులో ఓనరమ్మ పంపు తుడుస్తూ ఒక మాట అంది. "దీన్ని తీసేద్దామనుకుంటున్నాను. ప్రతి వారం సగం పీపా సింకులో పోస్తున్నాను. జనానికి చల్లటిది కావాలి."

"తీసేసి?"

"డబ్బాలు పెట్టే ఫ్రిజ్."

ఊళ్లో మిగతా బార్లలో గోడ నిండా టీవీలే. అక్కడ చల్లటి బీరు గుటుక్కున మింగి మళ్లీ తెర వైపు తిరుగుతారు. ఈ పంపు ముందు మాత్రమే మనుషులు మెల్లగా తాగుతారు. నా మాట ముగిసేదాకా కూర్చునేవాళ్లు నాకు ఇక్కడ తప్ప ఎక్కడా లేరు.

వాదించాను. చివరికి ఆవిడ ఒక షరతుకి ఒప్పుకుంది. సెప్టెంబరులో ఊరి బీరు పండగలో ఒక పీపా పెడుతుంది. ఆ రోజు పీపా ఖాళీ అయితే పంపు ఉంటుంది. మిగిలితే సోమవారమే పీకించేస్తుంది.

"ఖాళీ చేయించే పూచీ నాది," అన్నాను.

పండగ పార్కింగ్ లాట్‌లో. చుట్టుపక్కల బ్రూవరీలన్నీ గుడారాలు వేశాయి. పీపాని ముందు రోజే చెక్క స్టాండు మీద పడుకోబెట్టి, మడ్డి కిందికి దిగేలా కదపకుండా ఉంచారు. పొద్దున నాకు డ్యూటీ ఉంది, ఓనరమ్మకి పబ్బులో పని ఉంది. అందుకని మధ్యాహ్నం దాకా కాపలాకి మా ఆయన్ని కూర్చోబెట్టి, "దీన్ని ఎవరూ కదపకుండా చూడండి," అని వెళ్లాను.

ఆయన కదపనివ్వలేదు, నిజమే. నేను తిరిగొచ్చేసరికి పీపా కనపడలేదంతే. ఐసు సంచుల గుట్ట ఉంది, దాని మీద మా కారు డిక్కీలో ఉండే పాత దుప్పటి, దాని పక్కన చెమటలు కక్కుతూ మా ఆయన.

"ఇదేంటండీ?"

"ఐస్."

"ఐస్ అని తెలుస్తోంది. ఎందుకు?"

"ముట్టుకుని చూశాను, అస్సలు కూల్‌గా లేదు. ఇంతమంది వస్తుంటే గోరువెచ్చగా పోస్తారా? మన తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌లో ఇన్నేళ్లుగా డ్రింక్స్ నేనే చూస్తున్నాను. వెచ్చగా ఉందని ఒక్కళ్లన్నారా?"

మనవాళ్ల మర్యాద ఇదే. అతిథికి ఏది ఇచ్చినా పళ్లు జివ్వుమనాలి. ఓనరమ్మ వచ్చి దుప్పటి ఎత్తి చూసింది. ఎవరు చేశారని అడిగితే మా ఆయన గర్వంగా చెయ్యెత్తారు.

"చాలా మంచివాడు," అంది నాతో. ఆ ముక్క అంత పెద్ద తిట్టులా వినపడడం నాకు అదే మొదటిసారి.

ఓనరమ్మే మొదటి గ్లాసు నింపింది. బియ్యం కడిగిన నీళ్లలా మబ్బుగా ఉంది. మొదటగా వచ్చినాయన దాన్ని ఎండకెత్తి చూసి, ఒక గుక్క తాగి, మిగతాది నేల మీద పారబోసి పక్క గుడారానికి వెళ్లాడు.

"చలికి మబ్బు పట్టింది," అంది ఓనరమ్మ. "వెచ్చబడితే తేరుకుంటుంది, రుచీ వస్తుంది. కానీ పీపా అంతా వెచ్చబడేసరికి రేపవుతుంది. వదిలెయ్."

"పీపా రేపటికి వెచ్చబడితే వెచ్చబడనీ. గ్లాసు ఇప్పుడు వెచ్చబడితే చాలు కదా?"

ఐసు సంచులన్నీ తీయించాను. మా ఆయన ముఖం పాలిపోయింది. పంపు సంగతి ఇప్పుడు పూర్తిగా చెప్పాను. వెంటనే ఒక గ్లాసు తీసుకుని రెండు అరచేతుల మధ్య పట్టుకున్నారు. ఆయన చేతులు ఎప్పుడూ జ్వరం వచ్చినట్టు కాలుతుంటాయి.

నేను గుడారం ముందుకొచ్చాను. వచ్చినవాళ్లందరికీ గ్లాసిచ్చి, ఇలా రెండు చేతులా పట్టుకుని నా కథ వినండి, ముగిసేలోపు తాగొద్దు, అన్నాను. మా అత్తగారింటి గేదె కథ మొదలుపెట్టాను. ఆ గేదె తాటిచెట్టు కింద పెట్టిన కల్లుకుండ ఖాళీ చేసింది. ఆ మత్తులో మిరప చేలో పడి మేసింది. అక్కడి నుంచి సముద్రం దాకా నడిచి ఉప్పుమడులు నాకింది. తెల్లారి పాలు పితికితే పాలు రాలేదు, కారం, ఉప్పు సరిపడా వేసిన మజ్జిగ వచ్చింది.

కథ ముగిసేసరికి గ్లాసుల్లో మబ్బు చాలావరకు విడింది. అంచు దగ్గర తేనెరంగు కనిపించింది. జనం తాగారు. మళ్లీ గ్లాసులు నింపించుకున్నారు. మళ్లీ కథ కావాలన్నారు. సాయంత్రమయ్యేకొద్దీ చలి పెరిగింది, గ్లాసు వెచ్చబడడానికి ఎక్కువసేపు పట్టింది, గేదె ఇంకా దూరం నడవాల్సి వచ్చింది. ఒక విడతలో అది ఒంగోలు దాటి రైలెక్కింది. గొంతు బొంగురుపోయింది. ఆపలేదు. నా వెనక మా ఆయన గ్లాసులు మార్చి మార్చి అరచేతుల్లో కాస్తూ, వెచ్చబడినవాటిని వరసగా పెడుతూనే ఉన్నారు.

గుడారాలు విప్పే వేళయింది. ఓనరమ్మ పీపా మీద వేళ్లతో కొట్టి చూసింది. అడుగున ఇంకా ఉంది. అప్పుడే పొడుగాటి గడ్డపాయన ఒకడు స్నేహితుల గుంపుతో వచ్చాడు. కథంతా విని, గ్లాసు తాగకుండా నా వెనక్కి చూశాడు.

"ఆ గేదె మీ ఇంటిదేనా?" అని మా ఆయన్ని అడిగాడు. "ఇది నిజమని మీరంటే మేమంతా ఇక్కడే తాగుతాం. కాదంటే పక్కకి పోతాం."

నా పని అయిపోయిందనుకున్నాను. మా మామగారు పోస్టుమాస్టరు. వాళ్లింట్లో ఏనాడూ గేదె లేదు, పాలప్యాకెట్లే. రెస్టారెంట్లలో నిజాలు చెప్పే మా ఆయన చేతిలో గ్లాసు వంక చూశారు. పీపా వంక చూశారు. ఓనరమ్మ వంక చూశారు.

"ఆ మజ్జిగ నేను తాగాను," అన్నారు.

గుంపు గొల్లున నవ్వి గ్లాసులు చాపింది. ఓనరమ్మ పీపా వెనక వైపు కాస్త ఎత్తి, మడ్డి కదలకుండా చివరి చుక్క దాకా పట్టింది. మళ్లీ కొట్టి చూస్తే ఖాళీ బిందెలా మోగింది.

"సోమవారం ఫ్రిజ్ వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్తాను," అంది. మా ఆయన వైపు తిరిగి, "చాలా మంచివాడు," అని మళ్లీ అంది. ఈసారి తిట్టులా లేదు.

కారెక్కాం. ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా డ్రైవ్ చేస్తున్నారు. పాపం, అబద్ధమాడినందుకు ఎంత బాధపడుతున్నారో అనిపించింది. సిగ్నల్ దగ్గర ఆగాక ఊరుకోలేక అడిగాను.

"ఏమండీ, ఇంతకీ ఆ మజ్జిగలో ఉప్పు సరిపోయిందా?"

ఆయన రుచి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నాలుక చప్పరించారు.

"కాస్త తక్కువైంది," అన్నారు.