గుంతలోంచి లేవాలని

మా అక్క జ్యోతిలక్ష్మి చివరగా చేసిన పని, తెగిన పట్టుపోగును అతికించడం. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి పురి తిప్పి, "ఈ అంచు అయినాక లేస్తాలే" అంది. మే నెల ఎండ. గాలి పొడిబారితే పోగులు తెగుతాయని ధర్మవరంలో నేతగాళ్లందరూ మగ్గం గుంతలో నీళ్లు చల్లుకుంటారు. అయినా ఆ రోజు తెగుతూనే ఉన్నాయి. అంచు పూర్తవకముందే అక్క ముందుకు ఒరిగిపోయింది.

మగ్గం మీద కూర్చుంటే కాళ్లు గుంతలో ఉంటాయి. కడుపుకు ఎదురుగా, నేసిన బట్ట చుట్టుకునే దోనె ఉంటుంది. రెండో కాన్పు తర్వాత అక్క లావెక్కుతూ పోయింది. కడుపు దోనెకు ఒరుసుకునేది. మూత్రానికి లేవాలన్నా బావ హరినాథ్ ఒక పక్క, అత్త ఆంజినమ్మ ఒక పక్క చేతులు పట్టి లాగాలి. ఎదురింటి ఓబిలేష్‌కు తన మగ్గం దగ్గరినుంచి అంతా కనబడేది.

"ఏం హరినాథన్నా, ట్రాక్టరు పిలిపిద్దామా?"

"ట్రాక్టరెందుకప్పా, నీ నోరుండాది కదా. దానికి కట్టి లాగు" అనేది అక్క. అందరూ నవ్వేవాళ్లు. ఆమె మాత్రం తలెత్తేది కాదు.

మగ్గం మానుకోమని నేనొకసారి అన్నాను. కుర్చీలో కూర్చుంటే కాళ్లు యాడ పెట్టుకోవాలో తెలియదంది.

అనంతపురంలో డాక్టరు కృపాకుమారి రెండు దారులు చెప్పింది. కడుపును చిన్నది చేసే ఆపరేషన్, లేదా వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్. తిండి లేక ఎండిపోయినోళ్లను చూసినాను గానీ, తిండి తగ్గేదానికి కడుపు కోయించుకునేటోళ్లను చూడలేదని అత్త అడ్డుపడింది. దాంతో ఇంజెక్షన్ మొదలైంది. ఆకలితో పాటు దాహం కూడా తగ్గొచ్చు, వాంతులు కావొచ్చు, నీళ్లు మాత్రం మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. అత్త రోజూ రెండు పెద్ద సీసాలు నింపి అక్క పక్కన పెట్టేది. సాయంత్రానికి అవి ఖాళీ. బాగా తాగుతోందని డాక్టరుకు మేమే చెప్పాం.

అక్క తగ్గింది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని దోనెకూ కడుపుకూ మధ్య పెట్టింది.

"చూడు, ఎంత జాగా ఉండాదో. మోకాళ్లే ఇంకా మాట వినలేదు. వానలు పడేలోపల నేనే లేస్తా. ఎవుర్నీ పిలవను."

ఒరిగిపోయిన రోజు ఆమెను గుంతలోంచి బావ ఒక్కడే ఎత్తాడు. ఒంట్లో నీళ్లు లేక కిడ్నీలు పని చేయడం లేదని ఆస్పత్రిలో చెప్పారు. తాగేది సార్, సీసాలు ఖాళీ అయ్యేవి అని బావ చెబుతూనే ఉన్నాడు. అక్క ఇంటికి రాలేదు.

కర్మలయ్యాక ఓబిలేష్ వచ్చాడు. మగ్గం మీద మిగిలిపోయిన చీర తాను ముగిస్తానన్నాడు. ఖాళీ సీసాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిని పక్కకు జరుపుతూ, పోగులంటే మా అక్కకు ఎంత శ్రద్ధో బావకు చెప్పాడు.

"మా గుంతకు చెంబుడు నీళ్లు చాలన్నా. వదినె దినామూ ఈ రెండు సీసాలూ గుంతలోనే పోస్తాండె."