సంతకం పెట్టని కౌలు

తొలకరి పడిన సాయంత్రం ఎర్రనేల వాసన డోన్ బజారులోని మా ఇనుప సామాన్ల అంగడి దాకా వస్తుంది. అది ముక్కుకు తగిలినప్పుడల్లా నేను చేసిన గొప్ప బేరం గుర్తుకొస్తుంది. నాగలి పట్టడం రాదు, వేరుశనగ ఎప్పుడు విత్తుతారో తెలియదు. అయినా ఊరి బయట ఐదెకరాల మెట్ట కొన్నాను. పాసుపుస్తకం ఉన్నవాడికి ప్రభుత్వం ఏటా పెట్టుబడి సాయం వేస్తుంది. దున్నేది ఇంకొకరు, సాయం అందుకునేది నేను. ఇంత లాభసాటి సరుకు మా తాత, మా నాన్న ఏనాడూ కొనలేకపోయారని మురిసిపోయాను.

దున్నడానికి వచ్చినవాడు దేవదానం. పక్క పల్లెలో చర్చి వెనక ఇల్లు. సొంత భూమి లేదు. నాకన్నా పెద్దవాడు. తగ్గించమంటాడని కౌలు కొంచెం ఎక్కువే చెప్పాను. సరేనన్నాడు. బేరమాడని మనిషిని చూస్తే మా వ్యాపారులకు దిగులు; నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఉండబట్టలేక అడిగాను.

"ఎందుకు తగ్గించమనలేదు దేవదానప్పా?"

"నీ అంగట్లో పార కొనేటప్పుడు అడుగుతాలే శెట్టీ. ఈడ ఇంకో చేను నాకెవరిస్తాండారు?"

అన్నంత పనీ చేశాడు. పార దగ్గర నన్ను ఏడిపించి, చివరికి పిడి ఉచితంగా పట్టుకుపోయాడు.

ఆదివారం ప్రార్థన కాగానే తెల్లచొక్కాతో అంగడికి వచ్చి నన్ను చేనుకు లాక్కెళ్ళేవాడు. "నీ చేనంట గదా, చూసుకో రా. పాసుపుస్తకంలో కలుపు కనపడదు," అనేవాడు. మా ఆవిడ పోయాక, పనేమీ లేకుండా నాతో మాట్లాడింది ఆయనొక్కడే. గట్టు మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళం. అమ్మేదీ కొనేదీ లేకుండా ఒక మనిషి పక్కన కూర్చోవచ్చని నాకు ఆ వయసులో తెలిసింది.

రెండో ఏడు దేవదానం కౌలు కార్డు కాగితం తెచ్చాడు. భూయజమాని సంతకం పెడితేనే కౌలుదారుకు ఆ కార్డు ఇస్తారు. అది ఉంటేనే బ్యాంకులో అప్పు పుడుతుంది, పంట పోతే పరిహారం ఆయన పేరున వస్తుంది.

"పెట్టు శెట్టీ. ఊరి సచివాలయం గోడకు రైతుల పేర్లు అంటిస్తారే, దాంట్లో నా పేరూ ఉండాల."

పెట్టలేదు. కౌలుదారు పేరు కాగితమెక్కితే భూమి చేజారుతుందని మా అన్న బెదిరించాడు, నేను బెదిరాను. "పరిహారం వస్తే పైసా ఉంచుకోకుండా నీకే ఇస్తానప్పా, సంతకమెందుకు?" అన్నాను. అంతకన్నా ఉదారమైన బేరం ఉండదని నా నమ్మకం. దేవదానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు టీ తాగకుండా పోయాడు. విత్తనానికీ ఎరువుకీ బయట వడ్డీకి తెచ్చాడని తరువాత విన్నాను.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. కాయ పట్టే వేళకు చెట్లు మాడిపోయాయి. చాలాకాలానికి కరువు పరిహారం నా ఖాతాలో పడింది. గోడ మీది జాబితాలో నా పేరే ఉంది. మొత్తం తీసి కవరులో పెట్టి, మాట నిలబెట్టుకున్న పెద్దమనిషిలా ఆయన ఇంటికి వెళ్ళాను. వాకిట్లో మూటలు కట్టి ఉన్నాయి.

"యాడికప్పా?"

"కల్లూరుకు. ఆడ కొత్త ఇండ్లు లేస్తాండాయంట, కాపలాకు మనిషి కావాలంట. ఈడ వడ్డీ అడిగేటోళ్ళు తప్ప నాకేముండాది?"

కవరు లెక్కపెట్టకుండానే తీసుకున్నాడు. "శానా సంతోషం శెట్టీ. మాట తప్పలేదు నువ్వు."

"వచ్చే ఏడు మళ్ళీ విత్తుదాం. కౌలు వద్దులే."

"నేనెందుకు? ఆ చేనుకు రైతువి నువ్వే గదా. గోడ మీద చూసొచ్చినా." నవ్వుతూనే అన్నాడు.

"ఆ కాగితం ఇటు తే. ఇప్పుడే పెడతా."

"మూటలు కట్టినాక ఎందుకులే."

ఇక లెక్క చెబుతాను. ఆయనకు నేను రూపాయి బాకీ లేను. భూమి ఒక్క సెంటు కూడా పోలేదు. దున్నేవాడు దొరక్క బీడు పడింది. ఆ బీడుకు కూడా నన్ను రైతునని నమ్మి ప్రభుత్వం సాయం వేస్తూనే ఉంది. అంగట్లో, ఏమీ కొనడానికి రానివాళ్ళ కోసం కూడా ఒక కుర్చీ వేసి ఉంచుతున్నాను. చాలా రోజులు అది ఖాళీగానే ఉంటుంది. ఫోన్ చేస్తే దేవదానం ఎత్తుతాడు. నా బీపీ మాత్రల గురించి అడుగుతాడు, నా మోకాళ్ళ గురించి అడుగుతాడు. ఆడ వాన పడిందా అని మాత్రం అడగడు. నష్టం అంతా అక్కడే ఉంది.