బౌలరు నుదుట బొట్టు

అమలాపురం కోర్టు గుమాస్తా బాలగంగాధరం ఆటగాళ్ల బొమ్మలున్న క్రికెట్ కార్డులు సేకరించి ఆల్బమ్‌లో దాస్తాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, తడి ఆరితే గాని ఆల్బమ్ ముట్టడు. బజ్జీలు తిన్న వేళ్లతో ఎవరైనా దానివైపు చెయ్యి చాస్తే చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. చెమట, నూనె, ఉమ్మితడి, అసలు మనుషుల వేళ్లంటేనే రోత. ఏళ్ల తరబడి వెతికి, చిన్న మరకైనా లేని ఒక పాత బౌలరు కార్డు సంపాదించాడు. దసరానాడు అతను స్నానానికి వెళ్లగానే తల్లి శేషమ్మ ఆయుధపూజకని కత్తిపీట పక్కన ఆ ఆల్బమ్ పెట్టి, ఆ కార్డును తొడుగులోంచి తీసి, బౌలరు నుదుట పసుపూ కుంకుమా అద్దింది.

"ఏవిటమ్మా ఈ దరిద్రం?"

"రోజూ కళ్లకద్దుకుంటావు కదరా. అందుకని ఈయన ఒక్కరికే పెట్టేను."

అతను తుడవబోతే కుంకుమ బౌలరు ముఖమంతా పాకింది. భోజనాల వేళ ఆమె గారె వడ్డించబోతే, పసుపు వదలని ఆ వేళ్లను చూసి అతను ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందా చేతులు కడుక్కో. చూస్తేనే అసహ్యంగా ఉంది."

కొడుకును ఎన్నడూ 'ఒరే' అని తప్ప పిలవని శేషమ్మ గారెను గిన్నెలో తిరిగి వేసింది.

"ఆయ్, కడుక్కుంటానండీ," అని పెరట్లోకి నడిచింది.

సబ్బు వాసన వేస్తున్న తన వేళ్లతో కలిపిన ముద్దను బాలగంగాధరం నోటిదాకా తెచ్చి, ఆ వేళ్లను చూసి రోతపుట్టి దించేశాడు.